బాతు ఈకల కోటు

మద్దిగుంపు పగిడయ్యకు చలంటే లెక్కలేదని జూలూరుపాడు దాకా పేరుంది. పుష్యమాసంలో జనమంతా నెగడు చుట్టూ ముడుచుకుని కూర్చుంటే, అతను విల్లు తగిలించుకుని అడవి అంచున ఉన్న తన జొన్నచేనుకు పోయేవాడు. తెల్లారి తిరిగొచ్చేటప్పుడు కర్రకు కట్టిన అడవిపంది ఉండేది, లేకపోతే ఒట్టి చేతులు ఉండేవి. వణుకు మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. "ఆయనది ఒళ్ళు గాదు, మద్దిచెక్క" అనేవాళ్ళు.

ఆ పేరులో సగం అబద్ధం. పగిడయ్యకు చలి తెలియకపోవడానికి కారణం పగిడయ్య ఒళ్ళు కాదు, రూప్లా వీపు.

రూప్లా వాగు అవతలి తండా మనిషి. పడుచుతనంలో ఒకసారి పగిడయ్య బాణం తిన్న పంది వాగు దాటి పారిపోయి రూప్లా బల్లేనికి పడింది. నాదంటే నాదని ఇద్దరూ ఆ పంది పక్కనే నిలబడి పొద్దు తిరిగేదాకా పోట్లాడుకున్నారు. చివరికి ఆకలేసి చెరిసగం కోసుకున్నారు. ఆ తర్వాత ఒకరు లేకుండా ఒకరు వేటకు పోలేదు. కోయ మనిషికీ తండా మనిషికీ అంత పొత్తేమిటని రెండు ఊళ్ళలోనూ గొణిగారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, వీళ్ళది జుట్టు నెరిసేదాకా సాగిన సావాసం. గొణిగినవాళ్ళే అలిసిపోయారు.

వాళ్ళు కాపు కూర్చునే తీరు వేరు. మంచె ఎక్కేవాళ్ళు కాదు. మంచె మీద కూర్చుంటే గాలి మనిషి వాసనను చేనంతా చల్లుతుందని పగిడయ్య వాదం. పందులు దిగే దారి పక్కన, నేల మీదే, వీపుకు వీపు ఆనించి కూర్చునేవాళ్ళు. ఒకరి ముఖం చేను వైపు, ఒకరి ముఖం వాగు వైపు. ఇద్దరినీ చుట్టి ఒకటే గొంగడి. ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు మేలుకోవాలి. నోరు విప్పకూడదు కాబట్టి మాటలన్నీ వీపులతోనే. కుడి భుజం ఒత్తితే పంది కుడివైపున ఉందని, ఎడమ భుజం ఒత్తితే ఎడమవైపున ఉందని, వీపంతా ఆనించి గట్టిగా నెడితే లే, వచ్చేసినయి అని. ఏమీ ఒత్తకపోతే నేనున్నాను, పడుకో అని. భార్య పోయిన ఏడాది పగిడయ్య ఇంట్లో కన్ను మూయలేకపోయాడు. ఆ ఏడాదంతా అతను కాస్త నిద్రపోయింది ఉంటే అక్కడే.

అటువంటి జత రెండువేల ఆరులో, తొలకరి పడిన వారానికి, పగిడయ్య వాకిట్లోనే తెగిపోయింది.

రూప్లాకు అడవిలో వాచర్ కొలువు దొరికింది. కొత్త ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని వచ్చి నిలబడ్డాడు. చొక్కా మడతలు కూడా పోలేదు. పగిడయ్య అప్పుడు బాణాల మొనలు సానబెడుతున్నాడు.

"పగిడన్నా, ఇగ నేను వేటకు రాను," అన్నాడు రూప్లా. "అడవిల జీవాన్ని ముట్టనని దస్తఖత్ చేసిన. నెలనెల జీతం. పిల్ల సదువు నడుస్తది."

"మంచిదే. మరి నేను ముడితే?"

రూప్లా కాలి బొటనవేలితో నేలను గీకాడు. "కనపడితే పట్టాలె. నువ్వు కనపడకు అన్నా."

పాపం, వాడు బతిమాలాడు. పగిడయ్యకు అది బెదిరింపులా వినబడింది. అసలు అతన్ని కోసింది కొలువు కాదు. పంది చెవి కదిలినా చెప్పే ఆ వీపు, ఇంత సంగతి మనసులో పెట్టుకుని నెలల తరబడి చెప్పకుండా తనకు ఆని కూర్చుంది. అది తట్టుకోలేకపోయాడు. ఆ మాట అనడం చేతకాక, లోపలికి పోయి గొంగడి తెచ్చి, కొడవలితో నిలువునా రెండు ముక్కలు చేశాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే అదే.

"నువ్వు లేకపోతే నాకు వేట రాదనుకున్నవా? పుష్యమాసం రానియ్యి. ఒక్కన్నే కూసుంట. సూద్దువు," అని ఒక ముక్క విసిరేశాడు.

రూప్లా ఆ ముక్కను ఎత్తి, దుమ్ము దులిపి, భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వానాకాలమంతా ఎదురుపడితే ఒకరు చెట్ల వైపు చూసేవారు, ఒకరు మబ్బుల వైపు చూసేవారు.

పుష్యమాసం వచ్చింది. చేనులో పచ్చజొన్న కంకులు పాలు నిండి బరువెక్కాయి. ఆ వాసనకు వాగు అవతలి నుంచి పందులు దిగడం మొదలుపెట్టాయి. అన్న మాట నిలబెట్టుకోవాలి కదా, పగిడయ్య విల్లు, సగం గొంగడి తీసుకుని పాత చోటుకే పోయి కూర్చున్నాడు.

సగం గొంగడితో మనిషి ఎంత అవస్థ పడతాడో అతనికి ఆ పూటే తెలిసింది. ముందుకు కప్పుకుంటే వీపు బయట, వీపు కప్పుకుంటే రొమ్ము బయట. దవడలు టకటకా కొట్టుకుంటుంటే ఆ చప్పుడు పందులకు వినబడుతుందేమోనని పళ్ళ మధ్య కండువా కుక్కుకున్నాడు. తెల్లవారుజామున ఒక మగపంది దారి మీదికి వచ్చి నిలబడింది. నారి లాగాడు. చెయ్యి జ్వరం వచ్చిన వాడి చెయ్యిలా ఊగింది. బాణం పోయి మోడుకు గుచ్చుకుంది. పంది తలెత్తి, ఎవరీ ముసలాయన అన్నట్టు ఒకసారి చూసి, నింపాదిగా కంకులు విరుచుకుంది.

అది కూడా పెద్ద బాధ కాదు. బాణం తప్పగానే, అలవాటు కొద్దీ, వెనక్కి ఆనబోయాడు. వెనక ఏమీ లేదు. వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు వెంటనే లేవలేదు. పైన చుక్కలు కనబడుతుంటే, ఈ అడవిలో తనకు ఎవరూ లేరని మొదటిసారి అనిపించి, ముసలి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

పొద్దున ముత్తక్క జావ పోస్తూ అతని ముఖం చూసింది. ముత్తక్క అతని వదిన. అన్న పోయాక ఆమె ఒంటరి, భార్య పోయాక ఇతను ఒంటరి. రెండు ఇళ్ళకూ పొయ్యి ఆమెదే. అన్నం ఆమే పెడుతుంది, తిట్లు కూడా ఆమే పెడుతుంది.

"పోయి ఆ తండాయన కాళ్ళన్న పట్టుకో, లేకుంటే కొత్తగూడెం పోయి కోటన్న కొనుక్కో," అంది. "గిట్ల వణికి సస్తే నేను మోయలేను."

"కాళ్ళు పట్టుకునుడు నాతోని కాదు."

"అయితే కోటే. జల్దీ పో, బస్సొచ్చే యాళ్ళయింది."

కొత్తగూడెంలో ప్రతి చలికాలం ఉత్తరాది మంచుకొండల నుంచి వచ్చినవాళ్ళు రోడ్డు పక్కన తాళ్ళు కట్టి స్వెట్టర్లు, కోట్లు అమ్ముతారు. జనం వాళ్ళందరినీ నేపాలోళ్ళు అంటారు. ఏ ఊరమ్మా మీది అని అడిగిన పాపాన ఎవరూ పోరు. ఆ వరుసలో చివరి కొట్టు ఒక నడివయసు స్త్రీది. చెవులకు పచ్చరాళ్ళు, ఒంటి మీద పల్చటి నూలు రవిక. జనం మఫ్లర్లు చుట్టుకుని తిరుగుతుంటే ఆమె అట్టముక్కతో విసురుకుంటోంది.

"చలి పెడతలేదా చెల్లె?" అన్నాడు పగిడయ్య.

"ఇది చలి?" ఆమె నవ్వింది. "ఇది చలి కాదు చాచా. మా ఊర్లో ఎండాకాలం ఇలా ఉంటాది."

పగిడయ్యకు ఒళ్ళు మండింది. తనను వెల్లకిలా పడేసిన చలిని పట్టుకుని చలే కాదంటుంది! అక్కడినుంచి వెళ్ళిపోదామనుకున్నాడు గానీ, మిగిలిన కొట్లలో వాళ్ళు సినిమా హీరోల కోట్లు చూపిస్తున్నారు.

"నాకు అడవిల కూసునేతందుకు కావాలె. నేల మీద. తెల్లారేదాకా. కదలకుండ," అన్నాడు.

ఆమె అట్టముక్క పక్కన పెట్టింది. బేరానికి వచ్చినవాడు కాదు, పని మీద వచ్చినవాడని అర్థమైంది. మొదట ఒక నల్ల కోటు ఇచ్చింది. పగిడయ్య దాన్ని తొడుక్కుని రోడ్డు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కూర్చుని, కళ్ళు మూసుకుని, మెల్లగా చెయ్యి కదిపాడు. గుడ్డ సరసరలాడింది.

"ఇది మొత్తుకుంటది. పంది వాగు అవతల ఉండంగనే ఇంటది."

రెండోది ఎర్రది. అది తొడుక్కోనే లేదు. "గిది వేసుకుంటే నన్నే గురి చూసి కొడతరు."

మూడోది ముదురు నీలం, లోపల దూది. కూర్చుని, ఎడమ చెయ్యి చాచి, కుడి చేత్తో లేని నారిని చెవి దాకా లాగాడు. జబ్బ దగ్గర కోటు పట్టేసింది. సోడా బండి దగ్గర ఉన్న నలుగురు మనుషులు ఆగి చూశారు. నడి బజారులో ఒక పెద్దమనిషి గాలికి బాణం వేస్తుంటే ఎవరైనా చూస్తారు. పగిడయ్య వాళ్ళ వైపు లేని బాణాన్ని తిప్పేసరికి నవ్వుకుంటూ పోయారు.

ఆమె మాత్రం నవ్వలేదు. లేచి వెనక ఉన్న పెద్ద మూట విప్పింది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వేసుకుని వదిలేసిన పాత కోట్లు అందులో ఉన్నాయి. అడుగు నుంచి ఒకటి లాగింది. ఎండుటాకు రంగు. గళ్ళుగళ్ళుగా కుట్టి ఉంది. పట్టుకుంటే బరువే లేదు.

"ఇందుల ఏమున్నది? ఉత్త గాలి," అన్నాడు పగిడయ్య.

ఆమె దాన్ని నలిపి నలిపి గుప్పిట్లో పట్టేంత చేసింది. చెయ్యి వదిలేసరికి అది మెల్లగా ఊపిరి పీల్చుకుని పైకి లేచింది. "బాతు ఈక," అంది.

"ఈకనా? ఈక గుచ్చుకోదు?"

"రెక్క ఈక కాదు. ఇక్కడిది." తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించింది. "గుడ్లు పెట్టినప్పుడు బాతు తనది తనే పీకి గూట్లో పరుస్తాది. గుడ్లకు చలి పెట్టకుండా."

ఆ సంగతి పగిడయ్యకు తెలుసు. చెరువు జమ్ములో బాతు గూళ్ళు చూశాడు. వేలు పెడితే వెచ్చగా ఉండే ఆ బూరును మనిషి కోటుగా కుట్టుకుంటాడని మాత్రం అనుకోలేదు. తొడుక్కున్నాడు. గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి కదిపాడు. చప్పుడు లేదు, ఎవరో చాలా ఏళ్ళు వాడిన కోటు కాబట్టి గుడ్డ మెత్తబడింది. నారి లాగాడు. జబ్బ పట్టలేదు. ఎండలో అలాగే కూర్చుండిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఇక వంక పెట్టడానికి ఏమీ లేదు.

అయినా పెట్టాడు. "వీపు కాడ పల్చగున్నది."

ఆమె వెనక్కి వచ్చి, రెండు అరచేతులూ అతని వీపు మీద ఆనించి, పై నుంచి కింది దాకా తడిమింది. తొలకరి తర్వాత ఆ వీపును ఒక మనిషి తాకడం అదే మొదటిసారి. పగిడయ్య బిగుసుకుపోయాడు.

"అన్ని చోట్లా ఒక్కలాగే ఉంది చాచా."

"లేదు. పల్చగున్నది. సరిగ చూడు."

ఆమె మళ్ళీ చూసింది. చేతులు తీయకుండానే అడిగింది, "అడవిలో ఒక్కడివే కూర్చుంటావా?"

"అవ్. ఒక్కన్నే."

నాలుగు నెలలు భాష రాని ఊళ్ళో రోడ్డు పక్కన కూర్చునే మనిషికి ఆ మాట గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. "కోటు మంచిదే చాచా. తీసుకుపో," అంది. పగిడయ్య పెద్దగా బేరం ఆడకుండానే తీసుకుని బస్సెక్కాడు.

ఇంటికొచ్చాక చేసిన పని అతను తప్ప ఇంకెవరూ చేయరు. అలవాటు కొద్దీ చేశాడు. వేటకు పోయే ముందు గొంగడిని వావిలాకు పొగలో ఆరేస్తే మనిషి వాసన పోతుంది. అతని తాత చేశాడు, తండ్రి చేశాడు. ఈ కోటుకేమో బజారు వాసన, మూట వాసన, దేశాలవాళ్ళ వాసన. పంది ముక్కుకు ఇది దండోరా వేసినట్టే. పెరట్లో నిప్పు వేసి, పచ్చి వావిలాకు కప్పి, పైన దండెం మీద కోటును వీపు కిందికి వచ్చేట్టు పరిచాడు. పొగ లేచింది. చుట్ట ముట్టించుకుని తృప్తిగా చూస్తూ కూర్చున్నాడు.

గొంగడి గొర్రె బొచ్చు. నిప్పురవ్వ పడ్డా మాడి ఆరిపోతుంది. ఇది నైలాను. రవ్వలు తగిలిన చోటల్లా గుడ్డ మైనంలా కరిగి, ముడుచుకుని, కన్నాలు పడ్డాయి. లోపలి బూరు చురచురమంది. పెరడంతా కోడిని కాల్చిన కమురు వాసన కమ్ముకుంది.

ముత్తక్క గిన్నె పట్టుకుని మరీ వచ్చింది. "ఏందయ్యా మరిదీ, నన్ను పిలవకుంట కోడిని కాలుస్తున్నవా?"

అప్పటికి పగిడయ్య కోటును లాగి నేల మీద వేసి కొబ్బరాకుతో, గోనెసంచితో, చివరికి చేతులతో బాదుతున్నాడు. వీపు భాగం జల్లెడ అయింది. బాదిన ప్రతి దెబ్బకూ తెల్లటి బూరు లేచి గాల్లో తేలుతోంది.

ముత్తక్క గిన్నె కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నరని విన్న గాని, ఆకులు పట్టుకొని చేతులు కాల్చుకున్నోన్ని నిన్నే చూసిన."

"నవ్వకు వదినా," అన్నాడు పగిడయ్య. తల ఎత్తకుండా రాలిన బూరును దోసిట్లోకి ఏరుకుంటున్నాడు. ఆమె టక్కున నవ్వు ఆపేసింది.

"ఇటియ్యి. రేపు సూది తెచ్చి కుడత."

"ఇయ్యాలనే పోవాలె. చేను సగమయితంది."

కన్నాల కోటు తొడుక్కుని, పైన సగం గొంగడి వేసుకుని పొద్దుగూకే వేళకు వాగు దారిన బయల్దేరాడు. గొంగడి జారుతూనే ఉంది. దాన్ని సర్దుకుంటూ రేణికంపల మధ్య నడుస్తుంటే కన్నాల్లోంచి బూరు ముళ్ళకు చిక్కుకుంటోందని అతను గమనించలేదు.

పాత చోట కూర్చున్నాడు. చలి దిగింది. కోటు పని చేసింది. ఆ కొండల మనిషి అబద్ధం చెప్పలేదు. ముందు రొమ్ము వెచ్చబడింది, తర్వాత చేతులు, తర్వాత మోకాళ్ళు. దవడలు కొట్టుకోలేదు. చెయ్యి చాచి చూసుకున్నాడు, కొయ్యలా నిలబడింది. ఇక రూప్లా అక్కర్లేదు. ఈ మాట రూప్లా వినాలి అనుకున్నాడు. అనుకున్నాక, విని ఏమంటాడో ఊహించుకున్నాడు. వాడు ఏమీ అనడు, భుజంతో ఒకసారి పొడుస్తాడు, అంతే.

వెచ్చదనం గురించి అతను ఒక లెక్క తప్పాడు. ఇన్నేళ్ళూ వెచ్చగా కూర్చున్నది నిజమే. కానీ అప్పుడు నిద్రపోవడానికి ఒకరు, మేలుకోవడానికి ఒకరు ఉండేవారు. నిన్న ఒంటరిగా కూర్చున్నప్పుడు చలే అతన్ని మేలుకొలిపింది. ఇవాళ చలీ లేదు, మనిషీ లేడు. మోకాళ్ళ మీదికి తల వాలిపోయింది. పక్కనుంచే పందుల మంద చేనులోకి దిగి, కడుపారా మేసి, వెళ్ళిపోయింది. అతనికి తెలియదు.

అతన్ని లేపింది ఒత్తిడి.

వీపంతా ఆనుకుని, గట్టిగా ఒక నెట్టు. లే, వచ్చేసినయి.

కళ్ళు తెరిచాడు. తూరుపు బూడిద రంగులోకి మారుతోంది. కల అనుకున్నాడు. కానీ కలకు బరువుండదు. ఈ వీపు ఎడమ భుజం కుడి భుజం కంటే కొంచెం కిందికి ఉంది. ఎప్పుడో పంది కోర తగిలి కుంగిపోయిన భుజం అది. లోకంలో అటువంటి వీపు ఒక్కటే. పగిడయ్య వెనక్కి తిరగలేదు. తిరిగితే లేకుండా పోతుందేమోనని భయమేసింది.

ఎదురుగా, దారి మీద, పెద్ద మగపంది. నిన్న తనను ఎగతాళిగా చూసినదే కావచ్చు. బాణం వేటు దూరంలో, పక్క చూపిస్తూ నిలబడింది. పగిడయ్య విల్లు ఎత్తాడు. చెయ్యి వణకలేదు. నారి చెవి దాకా వచ్చింది. కోటు ఎక్కడా పట్టలేదు, చప్పుడు చేయలేదు. ఇంత మంచి వేటు అతనికి దొరికి ఎన్నేళ్ళయిందో.

వదిలితే పడుతుంది. పడితే, వెనక ఉన్నది ఖాకీ చొక్కా.

కనపడకు అన్నా, అన్నాడు వాడు తొలకరిలో. అది బెదిరింపు కాదని పగిడయ్యకు ఇప్పుడు, ఆ వీపు ఆనుకుని ఉండగా, వాడు పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా తెలిసింది. వాడు వాగు వైపే ముఖం పెట్టుకుని ఉన్నాడు. చేను వైపు తిరగడు. చూడనివాడికి చెప్పాల్సిన పని ఉండదు. తన కొలువును తెచ్చి పగిడయ్య బాణం మొన మీద పెట్టి, వీపు తిప్పుకుని కూర్చున్నాడు.

పగిడయ్య నారిని మెల్లగా వెనక్కి వదిలాడు. విల్లు పక్కన పెట్టి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "హోయ్! హోయ్!" అని అడవంతా అదిరేట్టు అరిచాడు. పంది ఎగిరిపడి వాగులోకి దూకి పారిపోయింది.

నీళ్ళ చప్పుడు దూరమయ్యేదాకా ఇద్దరూ వీపులు ఆనించే ఉంచారు.

"ఎట్ల కనుక్కున్నవ్?" అన్నాడు పగిడయ్య, వెనక్కి తిరగకుండానే.

"రేణికంపలకు తెల్లగ బూరు కనపడ్డది. ఎవడో బాతులను కొడుతుండు, పట్టుకుందామని దాని ఎంబడి వచ్చిన. వచ్చి చూస్తే కోటొకటి గురక పెడుతున్నది."

"ఎప్పుడొచ్చినవ్?"

"మబ్బులనే, ఇంకా తెల్లారకముందే. అప్పటికే ఒక మంద మేసి పోయింది."

"మరి లేపలేదేంది?"

"నువ్వు పండుకున్నవ్ గద," అన్నాడు రూప్లా. "నా వంతనుకున్న."

పగిడయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. క్షమించమని అడగడం అతనికి చేతకాదు, రూప్లాకు అడిగించుకోవడం చేతకాదు. కాసేపటికి రూప్లా లేచాడు. అతని కింద పరుచుకున్నది గొంగడి రెండో ముక్క. దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేపు ఎటు తిరుగుతవ్?" అడిగాడు పగిడయ్య. అంతకంటే దగ్గరగా అడగలేకపోయాడు.

"అది బయట చెప్పొద్దన్నా. కొలువు." వాగు దాకా పోయి, ఒకసారి ఆగి, "వీపు మీద అన్నీ కన్నాలే. కుట్టించుకో. చలి కొడతది," అని చెట్లలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ముత్తక్క సూదీ దారం పట్టుకుని వచ్చేసరికి పగిడయ్య అప్పటికే కోటు తొడుక్కుని ఉన్నాడు. విల్లు చూరుకు వేలాడుతోంది. అతని చేతిలో పందులను అదరగొట్టడానికి ఒక పాత నూనె డబ్బా, ఒక కర్ర ఉన్నాయి.

"విప్పు, కుడత."

"కుట్టకు వదినా."

"ఈకలన్ని రాలిపోతున్నయ్ గదయ్యా! ఒక్కనివి, సలికి ఏమైపోతవ్?"

"రాలనీ," అన్నాడు పగిడయ్య.

దగ్గర దారి చేను గట్టు మీదుగా ఉంది. అతను వాగు దారి పట్టాడు. ప్రతి రేణికంప దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, దానికి వీపు రాసి, ముల్లుకు తెల్లటి బూరు చిక్కిందో లేదో చూసుకుని మరీ ముందుకు నడిచాడు.